ముందు నేల కింద పని

ఇవాళ పెద్ద విశేషాలేం లేవు. అమావాస్య పోటు గట్టిగా ఉంది. పాత రేవు వైపు వీధుల్లో వాన చుక్క పడకుండానే మ్యాన్‌హోళ్లలోంచి నీళ్లు పైకొచ్చాయి. బల్ల మీద మాత్రం అందులో ఒక వీధి బాగుచేతకి వేసిన రంగుల బొమ్మ ఉంది: గ్రానైట్ పలకలు, ఇనుప దీపస్తంభాలు, బెంచీలు, పూలకుండీలు. బొమ్మలో నడుస్తున్నవాళ్లందరూ నవ్వుతున్నారు. నేల కింద ఏముందో చెప్పే గీత ఒక్కటి లేదు.

పాత తీరపట్నంలో ఏ వీధిని బాగుచేసినా పని వరస మారదు. ముందు మురుగు, తర్వాత తాగునీరు, ఆ తర్వాత కరెంటు, కేబుళ్ల డక్టులు, ఆపైన చెట్ల గుంతలు, అన్నీ అయ్యాక పలకలు. ఈ రంగంలో ఉన్నవాళ్లకి ఇది తెలియనిది కాదు. అయినా తిరగబడుతూనే ఉంటుంది, ఎందుకంటే పలకలు ఫొటోలో పడతాయి, గొట్టాలు పడవు. ఏడాది తిరక్కుండా పాత గొట్టం పగులుతుంది, వేసిన పలకల్ని కోస్తారు, కోసినచోట సిమెంటు అతుకు వేస్తారు. ఆ అతుకు ఎత్తుపల్లాల్లోనే ముసలివాళ్ల కాలు మడత పడుతుంది. ఆరోగ్యకరమైన నగరం అన్న మాట పెద్దదే గానీ, చాలాసార్లు అది ఈ అతుకు దగ్గరే తేలిపోతుంది.

పోటు సంగతికొస్తే, ముందు మూడు మట్టాలు కొలవాలి: అమావాస్య, పౌర్ణమి పోటులో సముద్రం ఎక్కే గరిష్ఠ మట్టం, కాలువ సముద్రంలో కలిసేచోట దాని అడుగు మట్టం, వీధిలో అన్నిటికన్నా పల్లపు బిందువు. మూడూ ఒకే బెంచ్‌మార్క్ నుంచి, అంటే ఎత్తులు కొలవడానికి పెట్టుకున్న ఒకే స్థిరమైన గుర్తు నుంచి, తీసినవై ఉండాలి. రేవు వాళ్ల మట్టాలు ఒక లెక్క, పురపాలక మట్టాలు ఇంకో లెక్క అయితే తేడా అరమీటరు వచ్చినా ఆశ్చర్యం లేదు. అంత తేడా వచ్చిందంటే డిజైన్ మొత్తం వృథా. కాలువ అడుగు పోటు మట్టానికి కింద ఉంటే రోజులో కొన్ని గంటలు ఆ కాలువకి తాళం పడినట్టే.

దీనికి అందరూ చెప్పే మందు ఫ్లాప్ వాల్వ్, అంటే కాలువ మూతి దగ్గర బయటివైపుకే తెరుచుకునే మూత. అది సముద్రాన్ని లోపలికి రానివ్వదు, నిజమే. కానీ ఆ సమయంలో వాన నీటిని బయటికీ పోనివ్వదు. ఒక హెక్టారు పాత పేటలో గంటకి 50 మి.మీ. వాన పడిందనుకుందాం. పైకప్పులు, రోడ్లు తప్ప ఖాళీ నేల లేదు కాబట్టి అందులో తొంభై శాతం కాలువకే వస్తుంది: 450 ఘనమీటర్లు, అంటే నాలుగున్నర లక్షల లీటర్లు. పోటు దిగేదాకా ఈ నీళ్లు ఎక్కడుండాలి? భూగర్భ ట్యాంకా, పంపా, లోతు చేసిన ఆటస్థలమా? ఆ జవాబు రాకుండా వాల్వ్ ఒక్కటే పెడితే సముద్రపు నీటి బదులు వాన నీరు ఇళ్లలోకొస్తుంది, అంతే తేడా.

వాల్వ్‌కీ రోగాలున్నాయి. మూత అంచున ప్లాస్టిక్ సీసా ఇరుక్కుంటే సగం తెరుచుకుని ఉండిపోతుంది. కీలు మీద సముద్రపు గుల్లలు పేరుకుంటే కదలదు. ఎదురుగా ఇసుక మేట వేస్తే అసలు తెరుచుకోదు. కీలు లేని రబ్బరు వాల్వ్ కొంత మేలు, ఇసుక మేటకి మాత్రం అదీ లొంగుతుంది. రెండు వారాలకోసారి, బాగా పాటు దిగినప్పుడు మనిషి వెళ్లి చూడాల్సిందే. ఆ మనిషి జీతం అంచనాలో రాయని ప్రాజెక్టు చాలా చూస్తాం.

వాన నీటిని నేలలోకి ఇంకించే గుంతలు ఇప్పుడు ప్రతి నక్షాలోనూ కనిపిస్తున్నాయి. గుంత అడుగుకీ భూగర్భ జలానికీ మధ్య కనీసం అరమీటరుకి పైగా, వీలైతే మీటరు పొడి నేల ఉండాలి. తీరంలో చాలాచోట్ల రెండడుగులు తవ్వితే ఉప్పునీళ్లు తగులుతాయి. అలాంటిచోట ఇంకుడు గుంత దోమల గుంత అవుతుంది. అడుగున పొర వేసి, చిల్లుల గొట్టం పెట్టి, మట్టిలో వడగట్టి కాలువకి పంపడమే దారి.

మధ్యాహ్నమంతా ఆ వీధి పాత ఇళ్ల గోడల పనే. పాత సున్నపు గోడకి సిమెంటు పూత వేసినచోటల్లా ఒకటే కథ: నేలలోంచి చెమ్మ ఎక్కుతుంది, బయటికి ఆవిరయ్యే దారి లేక ఇంకా పైకి పోతుంది, పూత వెనక ఉప్పు గడ్డకట్టి ఇటుక పెచ్చులూడదీస్తుంది. లోపలి గదిలో బూజు, దాంతోపాటు పిల్లలకి ఉబ్బసం. సిమెంటు పూతని చెమ్మ గీతకి కనీసం అరమీటరు పైదాకా తీసెయ్యాలి. ఉప్పుని పొడి కుంచెతో దులపాలి, నీళ్లు కొట్టకూడదు, కొడితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత ఒకపాలు సున్నానికి మూడుపాళ్లు కడిగిన నది ఇసుక, పూతకి సెంటీమీటరు మందం, పూతకీ పూతకీ మధ్య రోజుల వ్యవధి, ఎండ తగలకుండా తడిగోనె. సముద్రపు ఇసుక వద్దేవద్దు. పైన ప్లాస్టిక్ రంగు వేస్తే చేసిందంతా బూడిదలో పోసినట్టే, పల్చటి సున్నపు పూతలే వెయ్యాలి. మేస్త్రీలు తొందరపడేది ఆరబెట్టే దగ్గర. బిల్లు తేదీ కోసం తొందరపెట్టేది మాత్రం మేస్త్రీలు కాదు.

చెట్ల విషయంలో ఒక్కమాట. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత అంటే ఒక ఘనమీటరు మట్టి. మధ్యరకం చెట్టుకి కావలసింది పదిహేను దాకా. ఆ మిగతాది ఫుట్‌పాత్ కింద ఇవ్వాలి: బరువు మోసే కంకర ఎనభై పాళ్లు, దాని సందుల్లో మట్టి ఇరవై పాళ్లు. ఇది గొట్టాలు వేసేటప్పుడే చెయ్యాలి, పలకలు పడ్డాక కుదరదు. ఉష్ణమండల తీరమైతే కానుగ, పున్నాగ ఉప్పుగాలికి తట్టుకుంటాయి.

సాయంత్రం బార్సిలోనా పటాలు మళ్లీ తీశాను. పాత తీరనగరాన్ని ఆరోగ్యం కోసం తిరగరాసిన చోటు అంటే అదే ముందు గుర్తొస్తుంది. 1854లో కలరా, అదే ఏడాది కోటగోడల కూల్చివేత మొదలు. 1859లో ఆమోదం పొందిన ఇంజనీరు ఇల్డెఫాన్స్ సెర్దా ప్లాన్‌లో ఒక్కో బ్లాకు 113 మీటర్ల చతురస్రం, వీధి 20 మీటర్లు. వీధుల గడిని ఉత్తరదక్షిణాలకి ఏటవాలుగా తిప్పి ప్రతి గోడకీ రోజులో ఏదో వేళ ఎండ తగిలేలా పెట్టాడు. బ్లాకుకి రెండు మూడు పక్కలే ఇళ్లు, మధ్యలో తోట అన్నది ఆయన లెక్క. స్థలం అమ్ముకునేవాళ్లు నాలుగు పక్కలూ కట్టేశారు, తోటల్లో వర్క్‌షాపులు లేచాయి, అంతస్తులు పెరిగాయి. గీత బాగున్నా నిబంధన సడలితే ఇదే జరుగుతుంది.

అదే గడి మీద ఈమధ్య కాలంలో సూపర్‌బ్లాకులు వేశారు. మూడు బై మూడు, మొత్తం తొమ్మిది బ్లాకులు. పక్కకి సుమారు 400 మీటర్లు. బస్సులు, దూరప్రయాణ వాహనాలు అంచు రోడ్ల మీదే. లోపలికి వచ్చిన కారు వచ్చిన దిక్కుకే మలుపు తిరిగి బయటపడాలి, అడ్డంగా దాటిపోయే దారి ఉండదు. వేగం 10 కి.మీ. మూలలు కోసిన కూడలి దాదాపు 2,000 చదరపు మీటర్ల బహిరంగ స్థలం అవుతుంది. 2016లో ఆ నగరంలోని పోబ్లెనౌ పేటలో మొదట రంగు, పాత టైర్లు, కుండీ చెట్లతో మొదలుపెట్టారు. కొందరు స్థానికులు గట్టిగానే వ్యతిరేకించారు. తాత్కాలిక సామానుతో మొదలుపెట్టడం తెలివైన పనే, మలుపు ఎక్కడ తప్పిందో కాంక్రీటు పోయకముందే తెలుస్తుంది. కానీ జనాన్ని ముందుగా అడగకపోతే టైర్లు చెత్తలాగే కనిపిస్తాయి.

మొత్తం 503 సూపర్‌బ్లాకులూ అమలైతే ఏడాదికి 667 అకాల మరణాలు తప్పుతాయని అక్కడి పరిశోధకులు లెక్కవేశారు. అందులో 291 వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల, 163 శబ్దం తగ్గడం వల్ల, 117 వేడి తగ్గడం వల్ల. ఇది అంచనా మాత్రమే, అంచు రోడ్ల మీద ఉండేవాళ్లకి ట్రాఫిక్ పెరిగితే ఆ ఖాతా వేరే రాయాలి. అందుకే పని మొదలవకముందే అంచు రోడ్ల మీద కూడా శబ్దం, నైట్రోజన్ డయాక్సైడ్ కొలిచి పెట్టుకోవాలి. గాలి కొలిచే చిన్న ట్యూబులు మనిషి తలకి కాస్త పైన కడితే రెండు నుంచి నాలుగు వారాల సగటు వస్తుంది. తర్వాత కొలిస్తే పోల్చడానికి ముందుది ఉండదు, రెండు పక్షాలూ గొంతులతోనే వాదించుకుంటాయి.

మిగిలింది అద్దెలు. వీధి చల్లబడితే అద్దె వేడెక్కుతుంది. పాత పేట బాగుపడ్డాక అందులో ఉండేది కొత్తవాళ్లయితే ఉబ్బసం తగ్గలేదు, ఇల్లు మారింది, అంతే. 2028 నవంబరుకల్లా పర్యాటకులకిచ్చే 10,101 ఫ్లాట్ల లైసెన్సులు పొడిగించబోమని బార్సిలోనా 2024లో ప్రకటించింది. పలకలు, చెట్లు ఎప్పుడో వచ్చాయి, ఈ నిర్ణయం ఆ తర్వాతది. ఈ వీధికైతే మొదటి గడ్డపార పడకముందే అంతస్తు వారీగా జాబితా కావాలి: ఎవరు అద్దెకున్నారు, ఎన్నేళ్లుగా, కాగితం ఉందా లేదా, అద్దెకి అద్దె తీసుకున్నవాళ్లు ఎవరు, మెట్ల కింద పడుకునేదెవరు, అరుగు మీద వ్యాపారం చేసేదెవరు. గోడ పనికి ఎవరిని ఎన్ని రోజులు ఖాళీ చేయిస్తామో, తిరిగి అదే గదికి ఏ అద్దెకి వస్తారో రాతలో ఇవ్వాలి. టెండరు కాగితాల్లో ఆ జాబితాకి ఒక్క పేజీ కూడా కేటాయించలేదు. రేపు డ్రైనేజీ మట్టాలతోపాటు దాన్నీ అనుబంధంగా చేర్చమని రాయాలి.