ట్రిమాల్కియో విందు జాడలో: చినెచిట్టా నుంచి పొజ్జువోలి దాకా

పెట్రోనియస్ ‘సాటిరికాన్’ రోమన్ చక్రవర్తి నీరో కాలంనాటి లాటిన్ కథ, ట్రిమాల్కియో అనే ధనవంతుడు ఇచ్చే విందు అందులోదే. మనదాకా వచ్చినవి ముక్కలే. 1969లో ఇటలీలో దీన్ని ఇద్దరు దర్శకులు విడివిడిగా సినిమాగా తీశారు. పోలిదోరో తీసినదానికి పేరు ముందే రిజిస్టరైపోయింది. అందుకని ఫెలీని తన పేరు కూడా ముందు తగిలించి ‘ఫెలీని సాటిరికాన్’ అన్నాడు. మా దారి ఈ రెండోదాని వెంట సాగింది.

రోమ్‌లో టెర్మినీ స్టేషన్ దగ్గర మెట్రో ‘ఎ’ లైన్ ఎక్కాలి. అనాన్యీనా వైపు వెళ్లే రైలే ఎక్కాలి, ఎదురు ప్లాట్‌ఫామ్‌ది ఊరి అవతలికి తీసుకుపోతుంది. సినిమా స్టూడియో ఉన్న చినెచిట్టా చివరి నుంచి రెండో స్టేషన్. దానికి ముందు స్టేషన్ సుబౌగుస్తా రాగానే లేచి నిలబడితే సరి. బయటికొస్తే ఎదురుగా తుస్కొలానా రోడ్డు మీదే స్టూడియో గేటు. 1937లో మొదలైన స్టూడియో ఇది. లోపలి ప్రదర్శనకు మంగళవారం సెలవు. సెట్లు చూడాలంటే గైడ్ వెంటే వెళ్లాలి, టికెట్ కొనేటప్పుడే అది అడిగి తీసుకోవాలి. ఇంగ్లీషు గైడ్ ఉండే వేళలు తక్కువ. షూటింగ్ జరుగుతుంటే ఆ వైపు మూసేస్తారు కాబట్టి ముందురోజు మళ్లీ ఒకసారి కనుక్కోవడం మంచిది.

పచ్చికలో సగం పాతిపెట్టినట్టున్న పెద్ద ఆడతల ‘సాటిరికాన్’ది కాదు, ఫెలీని ‘కాసనోవా’ది. పురాతన రోమ్ సెట్ కూడా ఈ సినిమాది కాదు, 2005లో వచ్చిన ‘రోమ్’ సీరియల్ కోసం కట్టింది. దాని స్తంభాన్ని వేలితో తడితే డొల్లగా మోగుతుంది: ఫైబర్‌గ్లాస్. వెనక్కి వెళితే ఇనుప పైపుల చట్రం. రామోజీ ఫిల్మ్ సిటీ చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. అసలు ఆగి చూడాల్సింది ఐదో నంబరు స్టూడియో భవనం, ఫెలీనికి సొంతిల్లులాంటిది. సుమారు 80 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు. బయటినుంచి గోడౌన్‌లా ఉంటుంది. ‘ఫెలీని సాటిరికాన్’కు సెట్లు రూపొందించిన డనీలో డొనాటి వేసిన రోమ్‌లో అసలు ఆకాశం ఎందుకంత తక్కువగా కనిపిస్తుందో ఇలాంటి గోడల ముందు నిలబడితే అర్థమవుతుంది.

తారల విషయానికొస్తే, ఫెలీని నటులకంటే ముఖాలను ఎంచుకున్నాడు. కథానాయకుడు ఎన్‌కోల్పియోగా బ్రిటన్ కుర్రాడు మార్టిన్ పాటర్, అతని స్నేహితుడు అషిల్టోగా బ్రాడ్‌వే నాటకం ‘హెయిర్’లో చేసిన హైరమ్ కెల్లర్. కవి యుమోల్పోగా మాత్రం సాల్వో రాండోనే, రంగస్థలంలో పండిన మనిషి, తేడా తెలిసిపోతుంది. మాటలన్నీ తర్వాత డబ్బింగ్‌లో చేర్చినవే. పెదవికీ మాటకీ పొంతన కుదరదు, అతుకు దాచే ప్రయత్నమూ కనబడదు.

ధనమదంతో తూగే ట్రిమాల్కియోగా మారియో రొమాన్యోలి. వృత్తి హోటల్ నడపడం, ఊళ్లో ‘ఇల్ మోరో’గా పేరు. పోలిదోరో సినిమాలో అదే పాత్ర ఉగో టోన్యాత్సీది, గొప్ప హాస్యనటుడు. అయినా నా ఓటు హోటలాయనకే. వంటవాడు పంది కడుపు శుభ్రం చేయడం మరిచాడని తిట్టి, కోయించగానే లోపలినుంచి సాసేజ్‌లు జారిపడే దృశ్యంలో, విందు పెట్టడం అలవాటున్న మనిషి తీరు నటనతో వచ్చేది కాదు. ఆ హోటల్ ట్రెవీ ఫౌంటెన్ దగ్గరి సందులో ఉంది, ‘అల్ మోరో’ అని బోర్డు. ఫోన్‌చేసి టేబుల్ చెప్పుకోకుండా రాత్రిపూట వెళ్లడం దండగ.

కథలో విందు జరిగిన ఊరు నేపుల్స్ దగ్గరి రేవు పట్టణం పొజ్జువోలి కావచ్చని ఎక్కువమంది పండితుల లెక్క. రోమ్ నుంచి వేగపు రైలులో నేపుల్స్‌కు గంటా పది నిమిషాలు. అక్కడ మోంటెసాంటో స్టేషన్ నుంచి కుమానా లైన్ రైలు. రేవు దగ్గరే పాత అంగడి శిథిలం, దాన్ని సెరాపియం అంటారు. మూడు పాలరాతి స్తంభాలు నిలిచి ఉన్నాయి. వాటి నడుం ఎత్తులో నల్లటి పట్టీలా చిల్లులు, సముద్రపు ఆల్చిప్పల జాతి తొలిచినవి. నేల కుంగి, మళ్లీ లేచిందనడానికి ఆ చిల్లులే సాక్ష్యం. ఇప్పటికీ ఊరు లేస్తూ పడుతూనే ఉంది, అందుకే చిన్న భూకంపాలు.

కూమే శిథిలాలు ఇంకొంచెం దూరం. అక్కడి సిబిల్‌ను, అంటే భవిష్యత్తు చెప్పే పూజారిణిని, సీసాలో వేలాడుతుండగా చూశానని ట్రిమాల్కియో విందులో గొప్పలు పోతాడు. పుస్తకాన్ని వెంట తెచ్చుకున్నవాళ్లు ఈ మాట ఇక్కడే చదవాలి. సిబిల్ గుహ పేరుతో చూపించే సొరంగం పైకి సన్నబడే ఆకారంలో, సుమారు 131 మీటర్ల పొడవుంటుంది. సైనికుల కోసం తవ్విందేమోనని ఇప్పటి పురాతత్వవేత్తల్లో చాలామంది అనుమానం. ఫుసారో స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి, కానీ బస్సులు తక్కువ. తిరుగు బస్సు వేళ డ్రైవర్నే అడిగి రాసుకుని లోపలికి వెళ్లండి, సాయంత్రం దాటితే నడకే గతి.