లేని జీవి కోసం మోకాళ్ల మీద

"మళ్లీ చూడు. ఈసారి కిందికి వంగి, చేతులతో చూడు" అన్నాడు మా సూపర్‌వైజర్. అప్పటికే పొదంతా కర్రతో కదిపి చూశాను. అయినా స్ట్రిమ్మర్ (నైలాన్ తీగతో గడ్డి కోసే మిషన్) పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని తడి గడ్డిలో వెతికాను. ఏమీ లేదు. "సరే, ఇక కొయ్యి" అని ఆయన తన దారిన వెళ్లిపోయాడు.

ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ తోటపని విభాగంలో చేస్తున్నాను. ఎంఎస్ చదివి గడ్డి కోయడమేంట్రా అని ఇంట్లో ఇంకా అడుగుతూనే ఉన్నారు, ఆ సంగతి వేరే. ఆ పొద్దున మాత్రం నాకు ఒళ్లు మండింది. కాస్త ఆలస్యంగా వస్తే మాకు లెక్క రాసుకునేవాళ్లు, అక్కడ లేని హెడ్జ్‌హాగ్ కోసం, అంటే ఒళ్లంతా ముళ్లుండే ఓ చిన్న జీవి కోసం, ఎంత సమయమైనా ఇస్తారా అనిపించింది.

కారణం తర్వాత తెలిసింది. హెడ్జ్‌హాగ్ చప్పుడు వింటే పారిపోదు. ఉన్నచోటే ముడుచుకుని ముళ్లు నిక్కబొడుస్తుంది. గిర్రున తిరిగే నైలాన్ తీగకు ముళ్లొక లెక్కా? ఒకప్పుడు ఇక్కడ ప్రతి పెరట్లో కనిపించిన జీవే, 2020లో బ్రిటన్ క్షీరదాల రెడ్ లిస్టులో ముప్పు ఉన్నవాటిలో చేరింది. దాన్ని కాపాడే సంఘం 'హెడ్జ్‌హాగ్ ఫ్రెండ్లీ క్యాంపస్' అని ఒక కార్యక్రమం నడుపుతోంది. చేసిన పనిని బట్టి యూనివర్సిటీలకు కంచు, వెండి, బంగారు గుర్తింపులు ఇస్తారు. కంచెల అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కంత వదలాలి. రాలిన ఆకుల్ని, ఎండు దుంగల్ని ఒక మూల కుప్పగా ఉంచాలి. పాలు పెట్టకూడదు, దానికి అరగవు. మంచినీళ్లు చాలు.

నాకు బాగా నచ్చింది, హెడ్జ్‌హాగ్ వచ్చిందో లేదో తెలుసుకునే అడుగుజాడల సొరంగం. పొడుగాటి మూడుమూలల గొట్టం, మధ్యలో కాస్త మేత, దానికి అటూ ఇటూ నూనెలో కలిపిన బొగ్గుపొడి, చివర్లలో తెల్లకాగితాలు. రాత్రి పెట్టి పొద్దున్నే తీస్తాం. ఒక రోజు కాగితం నిండా బొమ్మ చేతుల్లాంటి నల్లటి ముద్రలు, వేళ్లు విడివిడిగా. ఎలుక అడుగులు కావని సూపర్‌వైజర్ గట్టిగా చెప్పాడు. ఆ కాగితం ఇప్పటికీ మా సామాన్ల గది తలుపుకే ఉంది.

అయితే టీ తాగుతుండగా ఒకతను, "మీ హైదరాబాదులో యూనివర్సిటీ అడవి మీదికి బుల్డోజర్లు వచ్చాయటగా?" అన్నాడు. మాటలో వెటకారం లేదు. అయినా నాకు రోషం వచ్చింది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గురించి చెప్పాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) పిల్లలు యంత్రాలకు అడ్డం నిలబడ్డారని, పోలీసులు పట్టుకెళ్లినా వెనక్కి తగ్గలేదని, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించిందని చెప్పాను. వాళ్లకు బంగారు పతకం ఎవరిస్తారు? పిచ్చుకలకు చూరు కింద వరికంకులు కట్టిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, జీవాల మీద ప్రేమ మాకొకరు నేర్పాలా?

అలా అనేశాను గానీ, నా మాట నన్నే వదల్లేదు. మన ప్రేమ అబద్ధం కాదు. కానీ అది ఎవరి డ్యూటీలోనూ రాసి ఉండదు. ఇక్కడి సూపర్‌వైజర్‌కు హెడ్జ్‌హాగ్ అంటే ప్రాణమేమీ కాదు, ఆయన ఇష్టమంతా ఫుట్‌బాల్. అయినా గడ్డి కోసే ముందు వెతకడం పనిలో భాగం, కాబట్టి వెతికిస్తాడు. ఆ సమయానికి కూడా నాకు జీతం ఇస్తారు. మన దగ్గర కాంట్రాక్టు కూలీకి ఇంత జాగా సాయంత్రానికల్లా శుభ్రం కావాలంటారు. అతను ఎప్పుడు వంగి చూస్తాడు?

హెచ్‌సీయూలో జింకలు పరుగెత్తి తప్పించుకోగలవు, నెమళ్లు ఎగరగలవు. నక్షత్ర తాబేలు మాత్రం హెడ్జ్‌హాగ్ లాంటిదే. అలికిడైతే తల లోపలికి లాక్కుని అక్కడే ఉండిపోతుంది. మిషన్ వచ్చినా, ఎండుగడ్డికి నిప్పంటుకున్నా అంతే. అక్కడ చదువుతున్న స్నేహితుడికి మా చెక్‌లిస్టు తెలుగులో రాసి పంపాను. గడ్డి కోత కాంట్రాక్టులో ముందు వెతకాలన్న షరతు, ఆ గంటకు కూలీ, రెండూ పెట్టమని అడగండి అన్నాను. కూలీ లేకుండా షరతు ఒక్కటే పెడితే ఒప్పుకోవద్దని కూడా రాశాను.