గ్రైండర్ శ్రుతి అయిదుకి కాస్త పైన

నా మొదటి పాట పూర్తవడానికి అయిదు నెలలు పట్టింది, అది సరిగ్గా నా పేరు మీద బయటికి రావడానికి ఇంకో ఏడు. మొదటి అయిదు నెలల గురించి అందరూ అడుగుతారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడావు, లాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత అని. ఆ తర్వాతి ఏడు నెలల గురించి ఒక్కరూ అడగరు. నాకూ ఎవరూ ముందే చెప్పలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను చేసేదాన్ని ఎలక్ట్రానిక్ పాప్ అని చెప్పుకుంటాను. ముందు "ప్రయోగాత్మక" అని తగిలిస్తే మా బాబాయ్ "అంటే ఇంకా కుదర్లేదన్నమాట" అంటాడు. ఉండేది మల్కాజిగిరి. పగలు మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం, పొద్దున్నే మెట్టుగూడ దాకా ఆటో, అక్కణ్ణుంచి మెట్రో. అమ్మ ఇంట్లోనే పిల్లలకి కర్ణాటక సంగీతం చెబుతుంది. సాయంత్రం నేను వచ్చేసరికి హాల్లో ఎవరో ఒకరు జంట వరసలు తప్పు పాడుతూ ఉంటారు, మూలన ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె మోగుతూ ఉంటుంది. నిజానికి నా మొదటి సింథసైజర్ అదే. ఏడేళ్లప్పుడు దాని వెనక నాబ్ తిప్పి శ్రుతిని కిందికీ పైకీ జార్చి వీపు మీద ఒకటి తిన్నాను కూడా.

పాట మొదలైంది మాత్రం గ్రైండర్ దగ్గర. శనివారం రాత్రి ఇడ్లీ పిండి రుబ్బుతుంటే ఫోన్ తీసి మూత పక్కన పెట్టి నాలుగు నిమిషాలు రికార్డు చేశాను. రాళ్లు తిరిగే చప్పుడు కోసం చేశాను గానీ, తర్వాత వింటే దాని కింద మోటారు గుయ్యిమని ఒకే స్వరం పట్టుకుని ఉంది. హెడ్‌ఫోన్స్ తీసి స్పీకర్లో పెట్టగానే అమ్మ వంటింట్లోంచి "అది అయిదుకి కాస్త పైన ఉందే" అంది. అయిదు శ్రుతి అంటే కీబోర్డు మీద జి. లెక్క చూస్తే అమ్మ చెప్పింది అచ్చంగా నిజం. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటాయి. జి స్వరం 98 దగ్గర ఉంటుంది. అంటే ఊళ్లో గ్రైండర్లు, ఫ్రిజ్‌లు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ ఒకే శ్రుతిలో, అర స్వరంలో మూడో వంతు పైన మోగుతున్నాయి. ఇది తెలిశాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

పాట మొత్తాన్నీ ఆ శ్రుతికి లాగాను. మామూలుగా 440 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన "ఏ" (A) స్వరాన్ని 449 దగ్గర పెట్టాను. సింథ్‌లన్నీ బుద్ధిగా వచ్చాయి గానీ గొంతు దగ్గర చెడింది, ఎంత బాగా పాడినా పులిసిన పిండిలా ఉంది. గొంతుని శ్రుతికి సరిచేసే ఆటోట్యూన్ నా గొంతుని మళ్లీ పాత 440 లెక్కలోకి లాగుతోందని, దానిలో కూడా ఆ అంకె మార్చాలని తట్టడానికి వారం పట్టింది. ఆ వారమంతా నా గొంతే బాగాలేదనుకుని మిరియాల పాలు తాగాను.

గొంతు రికార్డింగ్ అంటే నాకు బీరువానే స్టూడియో. కిటికీ బయట రైళ్లు, గోడలు ఖాళీగా ఉంటే గదంతా డబ్బాలా మోగుతుంది, కాబట్టి అమ్మ పట్టుచీరల బీరువా తలుపులు రెండూ తెరిచి, మైకుని చీరల ముందు పెట్టి, నెత్తి మీద దుప్పటి కప్పుకుని చీరల వైపు పాడతాను. చీరల మడతలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. మే నెలలో నాఫ్తలీన్ ఉండల వాసన, చెమట, దుప్పటి. "చల్లగా" అనే మాటని పదహారు టేకులు పాడాను. ఇంకోటి చెప్పాలి. గొంతుని వందో వంతు సెకన్ల ముక్కలుగా కోసి సాగదీసే పద్ధతి ఒకటి ఉంది, గ్రాన్యులర్ అంటారు, దానికి తెలుగు చాలా బాగా లొంగుతుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ఆగుతాయి కదా, చివరి అచ్చు పట్టుకుని ఎంత దూరమైనా లాగొచ్చు. అదే ఇంగ్లిష్ మాట చివర "ట్", "క్" వస్తే లాగడానికి ఏమీ ఉండదు. చాలామంది "ఇలాంటి పాటలు ఇంగ్లిష్‌లో అయితేనే బాగుంటాయి" అని సలహా ఇస్తారు, వాళ్లకి నేను ఈ అచ్చుల పాఠం చెబుతాను, వాళ్లు ఫోన్ చూసుకుంటారు.

ఒకరోజు అమ్మ "దీన్ని సంగీతం అంటారా" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. చరణ్‌జీత్ సింగ్ గురించి చెప్పాను. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన ఆయన, 1982లో రోలాండ్ వాళ్ల టీఆర్-808 డ్రమ్ మెషిన్, టీబీ-303 బేస్ సింథ్, జూపిటర్-8 సింథసైజర్ పెట్టుకుని వాటి మీద రాగాలు వాయించి రికార్డు తెచ్చాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, షికాగోలో యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతం పుట్టకముందే ఈయన ఇలాంటిది చేశాడా అని ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. అమ్మ భైరవ్ రాగం ట్రాక్ మొత్తం విని "మాయామాళవగౌళ. తాళం యంత్రంలా ఉంది" అంది. యంత్రమే కదమ్మా అన్నాను. సోఫీ పాటలు కూడా వినిపించాను, స్కాట్లాండ్‌కి చెందిన, 2021లో చనిపోయిన కళాకారిణి, రేకు వంగిన చప్పుడు, బుడగ పగిలిన చప్పుడు అన్నీ రికార్డు చేయకుండా సింథ్‌లోనే తయారుచేసేది. ఈసారి అమ్మ లేచి స్టవ్ కట్టేయడానికి వెళ్లి మళ్లీ రాలేదు.

మిక్సింగ్ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. హెడ్‌ఫోన్స్‌లో గుండెల్లో దిగే 50 హెర్ట్జ్ బేస్, ఫోన్ స్పీకర్లో పూర్తిగా మాయం. మనవాళ్లు వినేదేమో ఫోన్లోనే. దాన్ని కాస్త చిరిగేలా డిస్టార్షన్ పెడితే 100, 150, 200 దగ్గర పిల్ల స్వరాలు పుడతాయి, వాటిని వినగానే కింద లేని స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. తమ్ముడి ఫోన్లో, బాబాయ్ కార్లో, ఒకసారి తార్నాక దగ్గర ఆటో అన్నని బతిమాలి వెనక సీటు కింది స్పీకర్ బాక్సులో, అన్నిట్లో విని సరిచేశాను. ఆటో అన్న "బేస్ మంచిగుంది, పాటెప్పుడొస్తది" అన్నాడు. పాట అప్పటికే మొదలై రెండు నిమిషాలయింది.

ఇక ఆ ఏడు నెలలు. స్ట్రీమింగ్ సర్వీసులకి మనం నేరుగా పాట పంపలేం, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ ఉండాలి. ఏడాదికి ఇంత అని కట్టాను, ఫారం నింపాను. పాట భాష తెలుగు, సరే. ఏ రకం సంగీతం అన్నచోట నాకు సరిపోయేది ఏదీ లేదు, పాప్ అని పెట్టాను. కళాకారుడి పేరు దగ్గర నా స్టేజ్ పేరు పెట్టాను, ఒక్క తెలుగు మాట, అందమైన మాట. అంత అందమైన మాట ఇంకెవరికీ తట్టలేదని ఎలా అనుకున్నానో.

విడుదల రోజు అర్ధరాత్రి వెతికితే నా పేజీలో పాట లేదు. అదే పేరుతో భక్తి పాటలు పాడే ఒకావిడ ఉన్నారు, ఆవిడ పేజీలో లలితా సహస్రనామానికీ ఒక మంగళహారతికీ మధ్య నా గ్రైండర్ పాట కూర్చుని ఉంది. పొద్దున్న పూజ చేసుకుంటూ ఆవిడ పాటలు పెట్టుకున్నవాళ్ల ఇళ్లల్లో ఏం జరిగి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ భయమూ రెండూ వస్తాయి. డిస్ట్రిబ్యూటర్‌కి మెయిల్ మీద మెయిల్, ప్రతిదానికీ "మీ అభ్యర్థన అందింది" అని జవాబు. రెండు నెలల తర్వాత విసుగొచ్చి పాట తీసేసి, పేరుకి ఒక అంకె తగిలించి మళ్లీ ఎక్కించాను. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల, అంకెల కోడ్ ఉంటుంది. మళ్లీ ఎక్కించేటప్పుడు పాత కోడ్‌నే ఇవ్వాలి. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను, కొత్త కోడ్ వచ్చింది, అప్పటిదాకా వచ్చిన 1,900 వినికిళ్లు గోవిందా. వాటిలో సగం పూజ గదుల్లోనివే అయినా సరే, నావే కదా.

స్పాటిఫైలో 2024 నుంచి పన్నెండు నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు రాని పాట రాయల్టీ లెక్కలోకి రాదు, అది తెలిసీ చేశాను కాబట్టి ఇంకా మంట. అక్కడే ఇంకోటి, ప్లేలిస్టులు తయారుచేసేవాళ్లకి పాట పంపుకోవాలంటే విడుదలకి కనీసం వారం ముందు పంపాలి. నేను మొదటిసారి రెండు రోజుల ముందు పంపాను.

ఆ వెంటనే యూట్యూబ్‌లో పెట్టిన వీడియో మీద, "ఇది మాది" అని ఎవరిదో క్లెయిమ్. పాట మధ్యలో ఎనిమిది సెకన్లు ఒక ఉచిత డ్రమ్ లూప్ (తిప్పి తిప్పి వాడుకునే చిన్న ముక్క) వాడాను, లైసెన్స్ ఉన్నదే. అదే లూప్‌తో వేరే దేశంలో ఇంకెవరో పాట చేసి, ఆ పాటని ఆటోమేటిక్‌గా పట్టుకునే వ్యవస్థలో నమోదు చేసుకున్నారు, యంత్రం నా వీడియోని వాళ్లది అంది. అభ్యంతరం పెడితే అవతలివాళ్లకి 30 రోజుల గడువు, వాళ్లు సరిగ్గా 29వ రోజు వదిలేశారు. లూప్‌ని వాడుకునే హక్కు ఉండటం వేరు, అది ఒక్కరిదే అని చెప్పుకోవడం వేరు. ఇప్పుడు డ్రమ్స్ అన్నీ స్టీలు పళ్లెం, దువ్వెన, బోనాలప్పుడు మా వీధిలో రికార్డు చేసుకున్న డప్పు, వీటితోనే కడుతున్నాను.

హక్కుల సంగతి నాకు చెప్పింది, మైకుని లాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ సెకండ్ హ్యాండ్‌లో అమ్మిన అన్న. కృష్ణానగర్‌లో ఉంటాడు, పదిహేనేళ్లు సినిమా పాటలకి కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేశాడు, ఎన్ని పాటలో ఆయనకే లెక్క లేదు. నాతో బేరం కుదిరాక టీ తాగుతూ "పాటలో రెండుంటాయమ్మా, మాటా బాణీ ఒకటి, రికార్డింగ్ ఇంకొకటి, రెండిటికీ డబ్బు వేర్వేరు దారుల్లో వస్తుంది" అన్నాడు. మాట, బాణీల డబ్బు వసూలు చేసేది 1969లో పెట్టిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, ఐపీఆర్‌ఎస్. డిస్ట్రిబ్యూటర్ పంపేది రికార్డింగ్ డబ్బు మాత్రమే. నేను పాట రాశాను, బాణీ కట్టాను, పాడాను, రికార్డు చేశాను, అయినా సగం దారి మూసేసుకుని కూర్చున్నానన్నమాట. కాపీరైట్ రాసిన క్షణంలోనే మనకి వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఆన్‌లైన్‌లో చేసుకుంటే సాహిత్యానికి 500, సంగీతానికి 500, సౌండ్ రికార్డింగ్‌కి 2,000 ఫీజు, ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగుతారు. నేను సాహిత్యం వరకు చేశాను. అమెరికా పన్ను ఫారం కూడా ఒకటుంది, డబ్ల్యూ-8బెన్, అది నింపకపోతే అక్కడి రాయల్టీలో 30 శాతం కోస్తారు, పాన్ నంబరుతో నింపితే 15. పది నిమిషాల పని, నేను నాలుగు నెలలు వాయిదా వేశాను.

తొమ్మిది నెలలకి వచ్చింది 2,140 రూపాయలు. ఒక బట్టల కొట్టు ప్రకటనకి 20 సెకన్ల సంగీతం చేసినందుకు 6,000 వచ్చాయి, అందులో ప్రయోగమేమీ లేదు, సన్నాయి ఉంది. ఉద్యోగం ఎందుకు మానలేదని అడిగేవాళ్లకి ఈ రెండు అంకెలూ చెబుతాను.

మొదటి షో కొండాపూర్ వైపు ఒక చోట, పేరెందుకులే. అంతకుముందు లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో ఎన్నో సాయంత్రాలు సమోసా తింటూ ఇతరుల కార్యక్రమాలు చూశాను గానీ స్టేజీ ఎక్కడం అదే మొదలు. సౌండ్ చెక్‌లో లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే స్పీకర్లన్నీ గుయ్యిమన్నాయి. సౌండ్ చూసే తమ్ముడు "అక్కా, హమ్ వస్తుంది, ఎర్తింగ్ ప్రాబ్లం" అన్నాడు. చార్జర్ తీస్తే పోయింది, కానీ బ్యాటరీ 41 శాతం. చివరికి లాప్‌టాప్‌కీ స్పీకర్లకీ మధ్య పెట్టే చిన్న పెట్టె, డీఐ బాక్స్ తెచ్చి, దాని మీద ఎర్త్ లింకు తెంచే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కితే గదంతా నిశ్శబ్దం. అతను నా వైపు బొటనవేలు చూపించాడు, ఏదో యుద్ధం గెలిచినట్టు.

ముప్పై మంది ఉన్నారు, వాళ్లలో తొమ్మిది మంది మావాళ్లే. అమ్మ ముందు వరసలో, ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్. లైట్లు తగ్గాయి, నేను మొదటి పాట మొదలుపెట్టాను, గ్రైండర్ మోటారు మెల్లగా గుయ్యిమంటూ లేచింది. రెండు సెకన్లు, మూడు సెకన్లు, అంతే, తెగిపోయింది. స్క్రీన్ మీద లెవెల్ కదులుతోంది, స్పీకర్లలో ఏమీ లేదు. తలెత్తి చూస్తే హాలు చివర సౌండ్ తమ్ముడు కంగారుగా సౌండ్ తగ్గించే మీట, ఫేడర్, కిందికి లాగి పట్టుకుని, ఇంకో చేత్తో కేబుల్ కదుపుతున్నాడు. హమ్ మళ్లీ వచ్చిందనుకున్నాడు పాపం. తప్పేముంది, అదే కరెంటు, అదే శ్రుతి. నేను చేతులూపుతుంటే, ముందు వరసలోంచి అమ్మ వెనక్కి తిరిగి, పిల్లలకి తాళం తప్పినప్పుడు వాడే గొంతుతో "బాబూ, అది పాటే, పెట్టు" అంది. అందరూ నవ్వారు. ఫేడర్ పైకి వచ్చింది.

ఇప్పుడు ఎక్కడ షో ఒప్పుకున్నా కావలసిన సామాన్ల జాబితా ముందే పంపుతాను. డీఐ బాక్సులు రెండు, త్రీ పిన్ పాయింట్లు మూడు, చిన్న టేబుల్ ఒకటి. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో: మొదటి పాటలో వచ్చే హమ్ కావాలని పెట్టింది, దయచేసి తీసేయకండి.