కాళ్ల కిందే రాజధాని

మొన్న కంబోడియాలో కులేన్ కొండ ఎక్కినప్పటి నుంచి మనసు అక్కడే ఉండిపోయింది.

802లో ఇక్కడి ఖ్మేర్ రాజు రెండో జయవర్మ తనను చక్రవర్తిగా ప్రకటించుకున్న మహేంద్రపర్వతం ఇదే. శాసనాల్లో పేరుంది, అడవిలో అక్కడక్కడా ఇటుక గుళ్లున్నాయి, ఆయన రాజధాని నగరం మాత్రం కనబడేది కాదు. దట్టమైన చెట్లు, పైగా యుద్ధకాలంలో పాతిన మందుపాతర్లు. కాలినడకన ఎంతని వెతుకుతారు?

2012లో హెలికాప్టర్‌కి లైడార్ పరికరం కట్టి అడవి మీద తిప్పారు. ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగొచ్చిన లేజర్ కిరణాలతో చెట్లు లేని నేల పటం తయారైంది. అందులో గీత గీసినట్టు వీధులు, చెరువు కట్టలు! తర్వాత 2015లో కొండంతా కొలిస్తే నలభై, యాభై చదరపు కిలోమీటర్ల నగరం తేలింది.

మా గైడ్ ఒక చోట ఆగి, పుల్లతో మట్టిలో అడ్డం నిలువు గీతలు గీసి చూపించాడు. "మీరు నిలబడింది వీధి గట్టు మీద" అన్నాడు. నాకు కనిపించింది మోకాలెత్తు మిట్ట, దాని మీద ఎండుటాకులు, అంతే. ఒళ్లు జలదరించింది. ఏళ్ల తరబడి ఈ అడవిలో తిరిగిన పరిశోధకులు కూడా ఇలాంటి గట్లు ఎన్ని దాటి వెళ్లారో!

దిగేటప్పుడు ఏటి అడుగున చెక్కిన శివలింగాలు చూశాను, వరసలు వరసలుగా. నీళ్లలో చెయ్యి పెట్టి ఒకదాన్ని తాకాను. చల్లగా, నున్నగా ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.