డాబా ఆరే దాకా

మా డాబా కారకుండా పూత వేయించే పని సగంలో ఆగి ఉంది. పైన టార్పాలిన్, కింద అమ్మ గదిలో బకెట్. పాత పూతంతా గీకించి నేల శుభ్రం చేయించాక ముసురు పట్టుకుంది. అమ్మ మంచం హాల్లోకి మార్చాం. ఆవిడ ఏమీ అనడం లేదు కానీ, తన గది తనకు లేకపోవడం ఎంత ఇబ్బందో నాకు కనిపిస్తూనే ఉంది.

"మధ్యలో ఒకపూట ఎండ కాసింది కదా, అప్పుడే పూత వేయించేస్తే పోయేది" అని ఇంటికి వచ్చినవాళ్లంతా అంటున్నారు. ఎందుకు వేయించలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

వాన వెలిసిన కాసేపటికే స్లాబు పైన తెల్లగా ఆరిపోయినట్టు ఉంటుంది. లోపల సన్నటి రంధ్రాల్లో చెమ్మ అలాగే ఉంటుంది. దాని మీద నీరు చొరని పూత వేస్తే, ఎండ తగలగానే ఆ చెమ్మ ఆవిరై, బయటికి దారి లేక పూతను బొబ్బలుగా లేపుతుంది. బొబ్బ పగిలితే మళ్లీ కారడమే. సిమెంటు కలిపే పూతలు కొన్నిటికి ముందు నేలను తడపాలి, వాటి సంగతి వేరు. మేం తెచ్చింది పాలీయురెథేన్ రకం, దానికి పొడి నేల కావాలి. ఏ రకమైనా సరే, డబ్బా మీద రాసింది పూర్తిగా చదివి తీరాలి.

ఆరిందో లేదో చూడటానికి ఒక సులువైన పద్ధతి ఉంది. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి, నాలుగు అంచులా టేపు వేసి, కనీసం 16 గంటలు వదిలేయాలి. ఆ ఎండ కాసిన పూటే నేనూ అతికించాను. మర్నాడు టేపు లాగి చూస్తే ప్లాస్టిక్ లోపలి వైపంతా చెమట పట్టినట్టు సన్నటి బొట్లు. దాని కింద సిమెంటు చుట్టుపక్కల కంటే ముదురు రంగులో ఉంది. అదే నేల మీద వట్టి కాళ్లతో నడిస్తే ఎక్కడా తడి తగల్లేదు! మేస్త్రీ గారిని పిలిచి చూపిస్తే, "ఆగుదామండి, ఇప్పుడు వేస్తే నిలవదు" అన్నారు. ఆయన కూలీలకు పని పోతోందని తెలిసి కూడా ఆ మాట అన్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

వాన వల్ల ఒక మేలు కూడా జరిగింది. అమ్మ గది సీలింగు మీద తడి మచ్చ ఫ్యాన్ దగ్గర ఉంది కాబట్టి పగులు కూడా సరిగ్గా దానిపైనే ఉంటుందనుకున్నారు అందరూ. నీళ్లు అలా దిగవు. ఒకచోట దూరి, స్లాబులో కరెంటు వైర్ల కోసం వేసిన పైపు వెంట పోయి, ఎక్కడో బయటపడతాయి. (మీకూ ఫ్యాన్ దగ్గరే కారుతుంటే ముందు ఆ లైన్‌కు కరెంటు ఆపించండి.) వాన పడుతుండగా గొడుగేసుకుని పైకెళ్లి చూస్తే, పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో వెంట్రుకంత పగులు దగ్గర గాలి బుడగలు వస్తున్నాయి. గదికి ఆ చివర!

ఇంకో సంగతి, తూము నోరు నేల కంటే ఎత్తులో ఉంది. ఏళ్ల తరబడి అక్కడ నీళ్లు నిలిచేవి. వాటం, అంటే నీళ్లు తూము వైపు జారే వాలు, మీటరుకు కనీసం ఒక సెంటీమీటరైనా ఉండాలి. నీళ్లు నిలిచిన చోట్లన్నీ గోడ నుంచి టేపుతో కొలిచి రాసిపెట్టుకున్నాను.

నా దిగులంతా స్లాబు లోపలి ఇనుప చువ్వల గురించే. సీలింగులో పెచ్చు ఊడినచోట ఒక చువ్వ ఎర్రగా కనబడుతోంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపల నుంచే పగలగొడుతుంది. మేస్త్రీ గారు చుట్టూ సుత్తితో తట్టి, డొల్లగా మోగినంత మేరా గీత గీశారు. అదంతా కొట్టేసి, తుప్పు గీకి, మళ్లీ పూడ్చాలి.

తెరిపి ఇచ్చి నేల నిజంగా ఆరాక ముందు తూము దించుతారు, వాటం సరిచేస్తారు. ఆ పగులు పూడ్చి, మూలలో సిమెంటు వాలుగా మలుస్తారు. ఈ కొత్త సిమెంటు కూడా గట్టిపడి ఆరాలి. అప్పుడు ఫైబర్ జాలీ పరిచి, పూతను గోడ మీదికి 15 సెంటీమీటర్ల దాకా ఎక్కిస్తారు. అది గట్టిపడ్డాక తూము మూసి, అంగుళం నీళ్లు రెండు రోజులు నిలబెట్టి కింద చూడాలి. ఆ పరీక్ష అయ్యేదాకా టైల్స్ మాట ఎత్తవద్దని మేస్త్రీ గారికి ముందే చెప్పాను. అమ్మ గదికి రంగు ఆ తర్వాతే.