కోడెదూడకు విత్తు కొట్టించే వేళ

మా ఇంట్లో ఒంగోలు కోడెదూడ పుడితే, దాన్ని ఆబోతుగా ఉంచాలా, కాడికి కట్టాలా అన్నది తేలాకే విత్తు కొట్టించే, అంటే వృషణాలు పనిచేయకుండా చేయించే, మాట వస్తుంది. ఏ పనికి పెంచుతున్నామో తేలితే వయసు తేలుతుంది, వయసును బట్టి పద్ధతి తేలుతుంది. డాక్టరు ఎలాగూ ఊళ్లోకి వచ్చారు కదా అని చేతికందిన దూడనల్లా పట్టి ఇవ్వడం తప్పని నా గట్టి అభిప్రాయం.

అరకకూ బండికీ పనికొచ్చే ఎద్దుకు మూపురం, మెడ నిండుగా ఉండాలి. వాటిని నింపేది మగ హార్మోను కాబట్టి, రెండేళ్లు దాటేదాకా ఆగి, కాడి మప్పే ముందు చేయించడం మా వాడుక. మరీ ఆలస్యం చేస్తే కుమ్మడం, ఎదకొచ్చిన ఆవుల వెంట పడటం అలవాటైపోతాయి. నాళాలు బలిసినందువల్ల నొప్పీ వాపూ కూడా ఎక్కువవుతాయి. మాంసానికి పెంచే చోట లెక్క వేరు. అమెరికాలోని బ్రాహ్మన్ పశువుల్లో మన ఒంగోలు రక్తం ఉన్నా, అక్కడ వాటి మెడ మీద కాడి పడదు కనుక, మూడు నెలలు నిండకముందే చేయించడం మేలని పశువైద్యులు చెబుతారు. బ్రిటన్‌లో మత్తు ఇవ్వకుండా వృషణాల సంచికి రబ్బరు ఉంగరం తొడగడానికి మొదటి వారం వరకే అనుమతి ఉంది. రెండు నెలలు దాటితే మత్తు ఇచ్చి పశువైద్యుడే చేయాలి. పని కోసం ఆలస్యం చేసే మనం మత్తు సూది విషయంలో వారికంటే ఎక్కువ పట్టుదలగా ఉండాలి.

వెనుకటి రోజుల్లో కోడెను పడదోసి, కాళ్లు కట్టి, రాతి మీద కొయ్యతో కొట్టేవారు. ఆ మాట మిగిలింది గానీ ఆ పద్ధతి మిగలకూడదు. ఇప్పుడు బర్డిజో పటకారుతో, చర్మం తెగకుండా, వృషణానికి రక్తం తీసుకెళ్లే తాడును మాత్రమే నలిపివేస్తారు. డాక్టరు ముందుగా ఆ తాడును వేళ్ల మధ్య జారకుండా సంచి అంచుకు తెచ్చి పట్టుకుంటారు, ఆ తరువాతే పటకారు మూస్తారు. ఒక్కో వైపు విడివిడిగా, రెండు నొక్కులూ ఒకే గీతలో కలవకుండా వేయాలి. మా కోడె ఒకదానికి తొందరలో రెండు వైపులా కలిపి ఒకే నొక్కు వేయడంతో కిందికి రక్తం అందక సంచి చర్మం కుళ్లిపోయింది, ఆ పుండు మానేదాకా నేను కాడి మాటే ఎత్తలేదు.

నొప్పికి మెలాక్సికామ్ అడిగి వేయించండి. కళేబరాన్ని తిన్న రాబందుల ప్రాణం తీసే మరో నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా మన దేశంలో 2006లోనే నిషేధించారు. వాపు కొన్ని రోజుల్లో తగ్గినా, వృషణాలు ఎండిపోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆ లోపల కోడె చూలు కట్టించగలదు కూడా. ఒకసారి ఆరు వారాల తరువాత చెయ్యి పెట్టి చూస్తే కుడివైపు గట్టిపడి ముడుచుకుంది, ఎడమవైపు మాత్రం మునుపటిలా నిండుగా ఉంది; తాడు జారిందని తెలిసి మళ్లీ చేయించవలసి వచ్చింది. అప్పటి నుంచి రెండు వైపులా తడిమి చూసుకున్నాకే కోడెను ఆవుల్లోకి వదులుతున్నాను.