ఒక్క ఊపిరిలో 19

ఆ డాక్టరుగారి మీద కోపం ఇంకా పోలేదు. ఏడాది దాటింది, నడుస్తున్నాను, అయినా పోలేదు.

పాదాల్లో తిమ్మిరితో మొదలైంది. రెండు రోజులకే మెట్లెక్కలేకపోయాను. రక్తపరీక్షలు, తలకి స్కానింగు చేయించారు. "రిపోర్టులన్నీ నార్మలే అమ్మా. మీరే ఎక్కువ ఆలోచిస్తున్నారు" అన్నాడాయన, కాగితాల మీంచి కళ్లెత్తకుండా. కుర్చీలోంచి లేవలేక నేను బల్లకి ఇవతల ఎదురుగానే ఉన్నాను. ఇంటికొచ్చాక మావారు కూడా "డాక్టరే చెప్తున్నారుగా" అన్నారు. నేనూ నమ్మేశాను. కాళ్లలో పట్టు లేదని తెలుస్తూనే, ఏమీ లేదన్నారుగా అని మంచం దిగి, అలాగే కూలిపోయాను.

రెండో డాక్టరమ్మ ఫైలు తెరవలేదు. రబ్బరు సుత్తితో మోకాలిచిప్ప కింద తట్టింది. కాలు ఎగరలేదు. రెండోదీ అంతే. "జీబీఎస్‌లా ఉంది, ఇప్పుడే అడ్మిట్ అవ్వండి" అంది. గులియన్ బారే సిండ్రోమ్. ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేస్తుంది. 1916లో ఫ్రెంచి డాక్టర్లు దీన్ని ఇద్దరు సైనికుల్లో చూసి రాసినప్పుడు కూడా ఈ ఎగరని మోకాళ్లు వాళ్ల కంటపడ్డాయి. మొదటి వారంలో వెన్నునీటి పరీక్ష సైతం మామూలుగా రావచ్చట.

ఆ దాడిని తగ్గించే మందు, ఇమ్యునోగ్లోబ్యులిన్, ఐదు రోజులు ఎక్కించారు. చెప్పాల్సింది దాని గురించి కాదు, రెండో రాత్రి గురించి.

గది బయట ఎవరో "వెంటిలేటర్ రెడీగా ఉంచండి" అన్నారు. ఆ మాట చెవినపడగానే గొంతులో గొట్టం, పిల్లల మొహాలు, అన్నీ కళ్ల ముందుకొచ్చేశాయి. సిస్టర్ మాత్రం మాటిమాటికీ వచ్చి "ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండమ్మా" అనేది. ఊపిరి తీసే కండరాల్లో బలం ఎంతుందో చూడ్డానికే ఆ లెక్క; అంకె తగ్గితే బలం తగ్గుతున్నట్టు. సాయంత్రం 31. పదకొండింటికి 24. రెండింటికి 19. ప్రమాదం నిజమే. కానీ 17 తర్వాత 18 పలుకుతున్నప్పుడు పక్కటెముకల దగ్గర ఎక్కడ బిగుస్తోందో, గాలి ఎక్కడ అడుగంటుతోందో, అది తప్ప నాకింకేమీ తెలియలేదు. పిల్లలూ గుర్తురాలేదు. లెక్క ఆగగానే గొట్టం మళ్లీ గొంతులోకి వచ్చేది, ఇంకా ఎవరూ వేయని గొట్టం. తెల్లారేసరికి 22. ఆ దేవుడికీ ఆ సిస్టర్‌కీ ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

ఒకటి మాత్రం ఇప్పటికీ తేలలేదు. పాదాల మీద దుప్పటి ఇసుక పోసినట్టు గరగరలాడేది. చెంపకి ఆనిస్తే మెత్తగా ఉండేది. అదే దుప్పటి. నా ఒళ్లు చెప్పిందే నిజమని మనసులో ఆ డాక్టరుతో ఎంత పోట్లాడానో! మరి పాదం మాట నమ్మాలా, చెంప మాట నమ్మాలా? పాదానికి తెలిసిందీ చెడిన నరం మోసుకొచ్చిన కబురేగా. అయినా ఆ గరుకు నేను పడ్డదే, ఎవరు కాదన్నా. మీకెవరికైనా కాళ్లల్లో బలం తగ్గిపోతుంటే రిపోర్టు నార్మల్ అన్నారని ఊరుకోకండి. వెంటనే న్యూరాలజిస్టు దగ్గరికెళ్లి మోకాలు తట్టించుకోండి.

నాలుగో నెలలో ఒకరోజు కడ్డీ పట్టుకుని నిలబడితే అరికాళ్లకి నేల చల్లగా తగిలింది. ఇసుక లేదు. "అడుగు వేయండి" అంటోంది ఫిజియోథెరపిస్టు. నేను వేయలేదు. ఇంకాసేపు అలాగే నిలబడ్డాను.